నెట్టు తీగ ఎవరిది, చిట్టా ఎవరిది?

ఢిల్లీ కరోల్ బాగ్‌లో అజ్మల్ ఖాన్ రోడ్డు దాటి ఏ గల్లీలోకి మళ్ళినా నెత్తి మీద తీగల పందిరే. కరెంటు తీగ, కేబుల్ టీవీ తీగ, నాలుగైదు కంపెనీల ఫైబరు, ఎన్నడో తెగిపోయినా ఎవరూ విప్పని పాత తీగ అన్నీ ఒకే స్తంభానికి చుట్టుకుని ఉంటాయి. కింద ఇరుకు మేడలు, మేడల నిండా అద్దె గదులు. ఇటు కరోల్ బాగ్ నుంచి అటు పాత రాజిందర్ నగర్ దాకా పరుచుకున్న సివిల్స్ కోచింగ్ బస్తీలో తెలుగు మాట వినపడని సందు ఉండదు. పొలం తాకట్టు పెట్టో, చీటీ పాడుకునో పిల్లల్ని ఇక్కడికి పంపిన తల్లిదండ్రులు మన జిల్లాల్లో ఎందరో ఉన్నారు.

ఈ పిల్లలకు ఇంటర్నెట్ కాలక్షేపం కాదు. వీడియో పాఠం, టెస్ట్ సిరీస్, కరెంట్ అఫైర్స్, పరీక్ష దరఖాస్తు, హాల్ టికెట్, రాత్రి అమ్మతో వీడియో కాల్ అన్నీ దాని మీదే నడవాలి. పీజీ యజమాని ఒక్క కనెక్షన్ తీసుకుని అన్ని అంతస్తులకూ పంచుతాడు. రాత్రి పూట అందరూ ఒకేసారి తెరిస్తే అది మొరాయిస్తుంది. అప్పుడు ఎవరి ఫోన్ డేటా వాళ్ళు ఖర్చు పెట్టుకోవాలి. అంటే అద్దెలో ఒకసారి, రీఛార్జిలో మరోసారి, ఒకే అవసరానికి రెండుసార్లు డబ్బు కడుతున్నారు. ఇన్ని తీగల్లో ఒక్కటి కూడా ఆ గల్లీలో బతికేవాళ్ళది కాదు. ధర ఎంతో, ఏ మేడకు ఇవ్వాలో, ఎప్పుడు ఆపాలో తేల్చేది వేరెవరో. దాని గుండా ఎవరు ఏం చూశారో రాసిపెట్టుకునేది కూడా వాళ్ళే.

ఆ రాసిపెట్టుకోవడం గురించి మన దగ్గర చర్చ దాదాపు లేదు. ఇంటర్నెట్ అనగానే వేగం, ధర, సిగ్నల్ గురించి మాట్లాడతాం. జనం సొంత నెట్‌వర్క్ గురించి మాట్లాడేవారు కూడా ఎక్కువగా తీగ సొంతదారు ఎవరన్న దగ్గరే ఆగిపోతున్నారు. తీగ జనం చేతికి రావాలన్నది న్యాయమైన కోరిక. కానీ తీగతో పాటు వచ్చే చిట్టాను ఏం చేస్తామో ముందే తేల్చుకోకపోతే, దూరపు కంపెనీ బదులు పక్కింటివాడు మనల్ని గమనిస్తాడు. అది ఇంకా ప్రమాదం.

ముందు తీగ సంగతి. స్పెయిన్‌లోని కాటలోనియాలో కంపెనీలు పల్లెలకు బ్రాడ్‌బ్యాండ్ ఇవ్వకపోతే 2004లో ఊళ్ళవాళ్ళే ఇళ్ళ కప్పుల మీద రేడియోలు బిగించుకుని గీఫి నెట్ మొదలుపెట్టారు. ఇవాళ దానికి ముప్పై వేలకు పైగా నోడ్లు, అంటే కూడలి పరికరాలు, ఉన్నాయి. మెక్సికోలో వహాకా రాష్ట్రపు కొండ ఊరు తలేయా దె కాస్త్రో 2013లో సొంత మొబైల్ నెట్‌వర్క్ పెట్టుకుంది. 2016లో అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఆదివాసీ సముదాయాల నెట్‌వర్క్‌లకు లైసెన్సు ఇచ్చింది. మన దేశంలో ఢిల్లీ కేంద్రంగా పనిచేసే డిజిటల్ ఎంపవర్‌మెంట్ ఫౌండేషన్, ఇంటర్నెట్ సొసైటీతో కలిసి 2010లో ఇలాంటి ప్రయత్నం చేసింది. మధ్యప్రదేశ్‌లో చీరల నేతకు పేరున్న చందేరీ పట్టణంలో మొదలైన ఆ పనిలో స్థానిక యువతకే టవరు ఎక్కడం, యాంటెన్నా తిప్పి లంకె కలపడం, రూటరు సరిచేయడం నేర్పారు.

ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. ఒకచోట ఫైబరు మీద టోకున బ్యాండ్‌విడ్త్ కొంటారు. అక్కడి నుంచి కప్పు కప్పుకూ చిన్న రేడియోలతో పంచుతారు. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను కేంద్రం 2005 జనవరిలోనే లైసెన్సు అక్కర లేకుండా వదిలింది. 2018లో 5 గిగాహెర్ట్జ్ బ్యాండులో మరింత విశాలమైన భాగాన్ని కూడా వదిలింది. కరోల్ బాగ్ లాంటి చోట మేడకూ మేడకూ మధ్య చెయ్యి చాపితే అందేంత దూరమే కాబట్టి అటవీ గ్రామంలో పడే కష్టం ఇక్కడ పడనక్కర్లేదు. ఒకే వరసలోని మేడలు కలిసి ఒక మంచి లీజు లైను తీసుకుంటే ఒక్కొక్కరి ఖర్చు తగ్గుతుంది. అందరికీ కావలసిన పాఠ్యపుస్తకాలు, పాత ప్రశ్నపత్రాలు, తెలుగు పత్రికల సంచికలు గల్లీలోనే ఒక చిన్న సర్వరులో పెట్టుకుంటే బయటి లైను మీద బరువు తగ్గుతుంది. అలాంటి సర్వరు కోసమే తయారైన ఫ్రీడంబాక్స్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు ముఖ్య నిర్మాతల్లో ఒకరు సునీల్ మోహన్ అడపా అనే తెలుగువాడు. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ 2005 నుంచి ఇదే బాటలో పనిచేస్తోంది. పనితనం మనకు కొరత కాదు.

ఇక సొంతదారీ మాటకొస్తే, జనం చేతిలో తీగ అనే ఆలోచన తెలుగు నేలకు కొత్త కాదు. సిరిసిల్లలో సహకార విద్యుత్ సరఫరా సంఘం 1970 నుంచి నడుస్తోంది. అందరూ సెస్ అంటారు. అక్కడ కరెంటు వాడుకునేవాళ్ళే సభ్యులు, సభ్యులే పాలకవర్గాన్ని ఎన్నుకుంటారు. పంపిణీ సంస్థ దగ్గర కరెంటు టోకున కొని మరమగ్గాలకు, మోటార్లకు, ఇళ్ళకు ఇస్తుంది. బ్యాండ్‌విడ్త్ టోకున కొని సభ్యులకు పంచడానికీ దీనికీ లెక్కలో తేడా లేదు. పల్లెకు కరెంటే రాని కాలంలో మొదలై, యాభై ఏళ్ళు దాటినా సెస్ నిలబడే ఉంది. అందులో లోపాలూ దాగలేదు. 2022 డిసెంబరులో జరిగిన సెస్ ఎన్నికలు పూర్తిగా రాజకీయ పార్టీల పోటీగా నడిచాయి. సంఘం సభ్యులదే అయినా దాని మీద పట్టు కోసం పార్టీలు అంత పాకులాడాయంటే, రేపు నెట్టు సంఘం మీద పట్టు కోసం ఎంత పాకులాడతాయో ఊహించుకోవచ్చు. పైగా ఇక్కడ ఒక తేడా ఉంది. కరెంటు మీటరుకు ఎన్ని యూనిట్లు కాలాయో మాత్రమే తెలుస్తుంది. ఆ యూనిట్లతో ఏ పుస్తకం చదివామో, ఎవరితో మాట్లాడామో దానికి తెలియదు. నెట్టు తీగకు తెలుస్తుంది.

రెండో ఉదాహరణ జహీరాబాద్ దగ్గరి మాచునూరు. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు తమ పంటల గురించి, పాటల గురించి, మందుల గురించి తామే మాట్లాడుకోవడానికి యునెస్కో సాయంతో 1990ల చివర్లోనే రేడియో స్టూడియో కట్టుకున్నారు. ప్రసారానికి మాత్రం 2008 అక్టోబరు 15 దాకా ఆగాల్సి వచ్చింది. ఆలోగా కార్యక్రమాలు క్యాసెట్లలో రికార్డు చేసి ఊళ్ళలో వినిపించుకున్నారు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. ఆ తీర్పు చెప్పినవారిలో జస్టిస్ పి.బి. సావంత్‌తో పాటు మన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి ఉన్నారు. అయినా కేంద్రం 2002 డిసెంబరులో విద్యాసంస్థలకు మాత్రమే తలుపు తీసింది. 2006లో స్వచ్ఛంద సంస్థలకు తీసింది. మాచునూరు సంఘం రేడియోను చివరికి ప్రారంభించింది అదే జస్టిస్ సావంత్. దేశంలో విద్యాసంస్థల ఆవరణ దాటి జనం పెట్టుకున్న మొట్టమొదటి కమ్యూనిటీ రేడియో అది.

కమ్యూనిటీ రేడియోకు దొరికిన ఆ 2006 విధానం లాంటిది కమ్యూనిటీ ఇంటర్నెట్‌కు ఇప్పటికీ దొరకలేదు. ఇంటర్నెట్ సేవ నడపడానికి అవసరమైన యూనిఫైడ్ లైసెన్సు కావాలంటే దరఖాస్తుదారు కంపెనీల చట్టం కింద నమోదైన సంస్థ అయి ఉండాలి. సహకార సంఘం పనికిరాదు, ట్రస్టు పనికిరాదు, మహిళా సమాఖ్య పనికిరాదు. పరస్పర సహాయ సహకార సంఘాల చట్టాన్ని 1995లోనే దేశంలో మొదటగా తెచ్చుకున్నది ఆంధ్రప్రదేశ్. సర్కారు వాటాధనం లేకుండా, సర్కారు జోక్యం లేకుండా సభ్యులే నడుపుకునే సంఘాలకు దారి చూపిన చట్టం అది. ఆ చట్టం కింద పొదుపు సంఘం పెట్టుకోవచ్చు, పాల డెయిరీ పెట్టుకోవచ్చు. ఇంటర్నెట్ మాత్రం పంచుకోకూడదు. అనుమతి లేకుండా టెలికాం సేవ నడిపితే మూడేళ్ళ దాకా జైలు, రెండు కోట్ల రూపాయల దాకా జరిమానా అని 2023 టెలికాం చట్టం అంటోంది. కోట్ల మందికి సేవలమ్మే కంపెనీకీ, నాలుగు మేడల వాళ్ళు కలిసి వేసుకునే తీగకూ ఒకే తూకం. ఇది తప్పు.

కేంద్రం 2020 డిసెంబరు 9న ఆమోదించిన పీఎం-వాణి పథకం ఈ లోటు తీర్చిందని కొందరంటారు. కొంత నిజముంది. టీకొట్టు, కిరాణా దుకాణం కూడా లైసెన్సు ఫీజు లేకుండా పబ్లిక్ డేటా ఆఫీసుగా మారి వైఫై అమ్ముకోవచ్చు. కానీ 2022 నాటికి కోటి హాట్‌స్పాట్లు కావాలని 2018 జాతీయ విధానం లక్ష్యం పెట్టుకుంటే, 2024 చివరికి పీఎం-వాణి కింద వచ్చినవి రెండు లక్షల పైచిలుకు. కారణం టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ స్వయంగా గుర్తించింది. చిన్న దుకాణదారు మామూలు బ్రాడ్‌బ్యాండ్ అడిగితే కంపెనీలు ఖరీదైన లీజు లైనే తీసుకోమన్నాయి. దుకాణాల దగ్గర ఇంటి ధరకు రెండు రెట్లకు మించి వసూలు చేయరాదని 2025 జూన్‌లో ట్రాయ్ ఉత్తర్వు ఇవ్వాల్సి వచ్చింది. మంచి ఉత్తర్వే. అయినా ఈ పథకం ఇచ్చేది చిన్న వ్యాపారం, సముదాయానికి సొంతదారీ కాదు. పైగా దుకాణదారు పెట్టేది పెట్టె మాత్రమే. ఎవరు లాగిన్ అయ్యారు, ఎంత వాడారు అనే లెక్కంతా పైనున్న అగ్రిగేటర్ అనే మధ్యవర్తి సంస్థ దగ్గరికి పోతుంది.

సర్కారే తీగ వేస్తే సరిపోదా అనేవారూ ఉన్నారు. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగి నెలకు 149 రూపాయలకే ఫోన్, టీవీ, ఇంటర్నెట్ మూడూ ఇస్తామనడం చిన్న సాహసం కాదు. తెలంగాణ మిషన్ భగీరథ నీటి పైపుల కోసం తవ్విన కందకాల్లోనే టీ-ఫైబర్ తీగ వేసింది. అదీ తెలివైన పనే. కానీ రెండుచోట్లా జనం కస్టమర్లే. ప్రభుత్వం మారితే అధికారులు మారతారు, ధర మారుతుంది, లెక్కలు చూసేవాళ్ళు మారతారు. కస్టమర్‌కు ఓటు లేదు.

ఇక చిట్టా సంగతి. కరోల్ బాగ్‌లో కోచింగ్‌కు దిగిన తెలుగు అమ్మాయి మొదటి వారంలో తన వివరాలు ఎక్కడెక్కడ ఇస్తుందో చూడండి. డెమో క్లాసుకు ఫోన్ నంబరు ఇస్తుంది. ఆ సాయంత్రం నుంచే అడగని సంస్థల నుంచి ఫోన్లు మొదలవుతాయి. గది కోసం ఆధార్ జిరాక్సు ఇస్తుంది. పోలీసు వెరిఫికేషన్ పేరుతో తీసుకున్న ఆ కాపీ పీజీ మేనేజరు సొరుగులో ఉంటుందో, జిరాక్సు దుకాణం కంప్యూటర్లో ఉంటుందో ఆమెకు తెలియదు. రీడింగ్ రూములో వేలిముద్ర ఇస్తుంది. వైఫైకి ఓటీపీ ఇస్తుంది. పాత ఫోను గఫ్ఫార్ మార్కెట్లో అమ్మితే అందులో మిగిలిపోయిన ఫొటోలు కూడా ఇచ్చేసినట్టే. వీటిలో ఏ ఒక్కచోటా, ఇది ఎన్నాళ్ళు ఉంచుతారు, ఎవరికి చూపిస్తారు అని అడిగే అవకాశం ఆమెకు ఉండదు. అడిగితే గది దొరకదు.

ఈ చిట్టాల్లో రూటరు చిట్టాది ప్రత్యేక స్థానం. ఇవాళ చాలా వెబ్‌సైట్లు సంకేత భాషలో నడుస్తాయి కాబట్టి పేజీలో ఏముందో మధ్యవారికి కనపడదు. కానీ ఏ సైటు తెరిచామో, ఏ గంటకు తెరిచామో చాలావరకు కనపడుతుంది. అర్ధరాత్రి రెండు గంటలకు మానసిక వైద్య సలహా సైటు, గర్భ పరీక్ష గురించిన సైటు, ఒక మతానికి చెందిన సైటు, ఒక రాజకీయ ఉద్యమపు సైటు, సివిల్స్ వదిలేసి బ్యాంకు పరీక్షకు దరఖాస్తు పెట్టిన సైటు ఏది తెరిచినా ఆ పేరు వరసలో నిలుస్తుంది. కంపెనీకి అది కోట్ల వరసల్లో ఒకటి. అది దానితో ప్రకటనలు అమ్ముకుంటుంది, అదీ తప్పే. కానీ అదే వరస మేడ యజమాని కంటపడితే, గల్లీ సంఘం కార్యదర్శి కంటపడితే, ఊరివాడైన అడ్మిన్ కంటపడితే ఒక పేరుకు, ఒక ముఖానికి, ఒక కులానికి, ఒక తండ్రి ఫోన్ నంబరుకు ముడిపడుతుంది. మన సమాజంలో సముదాయం అనేది అమాయకమైన ముద్ద కాదు. అందులో ఇల్లున్నవాడు, లేనివాడు ఉన్నారు. పైకులం, కిందికులం ఉన్నాయి. కూతురు ఎవరితో మాట్లాడుతుందో తెలుసుకునే హక్కు తమకుందనుకునే పెద్దలున్నారు. జనం నెట్‌వర్క్ అని పేరు పెట్టినంత మాత్రాన ఇవన్నీ రూటరు బయట ఆగిపోవు.

దురుద్దేశమే అక్కర్లేదు, నిర్లక్ష్యం చాలు. 2017 మే నెలలో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ విడుదల చేసిన నివేదిక నాలుగు సర్కారీ పోర్టళ్ళను పరిశీలించింది. వాటి ద్వారా 13 కోట్లకు పైగా ఆధార్ సంఖ్యలు బయటపడి ఉంటాయని అంచనా వేసింది. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వి. ఒకటి ఉపాధి హామీ చెల్లింపులది, ఒకటి చంద్రన్న బీమాది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో లక్షా 34 వేల మంది లబ్ధిదారుల ఆధార్, బ్యాంకు ఖాతా, కులం, మతం వివరాలు ఎవరైనా చూసేలా ఉన్నాయని హైదరాబాద్ పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి బయటపెట్టారు. కూలి చేసుకునే మనిషి తన కూలి డబ్బు కోసం, గూడు కోసం ఇచ్చిన వివరాలవి. పారదర్శకత పేరుతోనే వాటిని అలా పెట్టారు. సేకరించిన వాడికి అవి కాపాడాల్సినవన్న స్పృహే లేదు. రేపు కప్పు మీద రేడియో బిగించే కుర్రవాడికి ఆ స్పృహ దానంతటదే వస్తుందనుకోవడానికి ఆధారం ఏమిటి?

చట్టం మనకు ఎంతవరకు తోడుంది? జస్టిస్ పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న గోప్యత ప్రాథమిక హక్కని చెప్పింది. దాని కొనసాగింపుగా 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. నియమాలు 2025 నవంబరులో గానీ రాలేదు. వాటిలోనూ ముఖ్య బాధ్యతలు అమలయ్యేందుకు పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారు. సర్కారీ సంస్థలకు మినహాయింపు ఇచ్చుకునే వీలు కేంద్రం తన చేతిలోనే ఉంచుకుంది. అదే చట్టం సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) సెక్షన్‌ను సవరించి, వ్యక్తిగత సమాచారం పేరుతో జవాబులు నిరాకరించడాన్ని అధికారులకు సులువు చేసింది. పౌరుడి చిట్టా సర్కారుకు తెరుచుకుంటూ, సర్కారు చిట్టా పౌరుడికి మూసుకుంటోంది.

మరోవైపు దాచమనే ఆదేశాలు పెరుగుతున్నాయి. 2008లో బాంబు పేలుళ్ళ సమయంలో ఎవరిదో తాళం లేని వైఫై వాడుకుని ఈ-మెయిళ్ళు పంపారని తేలాక, పబ్లిక్ వైఫై వాడేవారిని గుర్తించి తీరాలని 2009లో టెలికాం శాఖ ఆదేశించింది. మన ఓటీపీ అలవాటు అప్పటిది. 2022 ఏప్రిల్ 28న కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ కంప్యూటర్ చిట్టాలు (లాగ్‌లు) 180 రోజులు దాచాలంది, వీపీఎన్ సంస్థలు వాడకందారుల వివరాలు ఐదేళ్ళు ఉంచాలంది. కొత్త డేటా నియమాలు ప్రాసెసింగ్ లాగ్‌లు కనీసం ఏడాది ఉంచాలంటున్నాయి. నేరస్థుణ్ణి పట్టుకోవడానికి ఆధారం కావాలన్నది కాదనలేని మాట. కానీ ఒక నేరస్థుడి కోసం గల్లీలోని ప్రతి విద్యార్థి జాడను ఏడాది పొడుగునా మూటకట్టి పెట్టడం ఆ మూట దొంగిలించేవాడికీ, దుర్వినియోగం చేసేవాడికీ కూడా సాయమే.

జర్మనీ అనుభవం ఇక్కడ తెలుసుకోవాలి. అక్కడ ఫ్రైఫుంక్ పేరుతో వాలంటీర్లు రెండు దశాబ్దాలకు పైగా పేరూ ఊరూ అడగని వైఫై పంచుతున్నారు. వాడినవాడు చేసిన తప్పుకు వైఫై ఇచ్చినవాడే బాధ్యుడన్న నియమం చాలాకాలం వాళ్ళ మెడ మీద కత్తిలా ఉండేది. దాన్ని తప్పించుకోవడానికి ట్రాఫిక్‌ను విదేశాల మీదుగా మళ్ళించేవారు. అయినా చిట్టా రాయడం మొదలుపెట్టలేదు. చివరికి 2017లో జర్మనీయే చట్టం మార్చి ఆ బాధ్యతను చాలావరకు తొలగించింది. వాలంటీర్లు పట్టుదలగా నిలబడితే చట్టం వాళ్ళ దారికి వచ్చింది.

అందుకే కరోల్ బాగ్‌లో గానీ, కూకట్‌పల్లి హాస్టళ్ళ మధ్య గానీ, భారత్‌నెట్ ఫైబరు చేరిన ఏ పంచాయతీలో గానీ జనం నెట్‌వర్క్ పుడితే, దాని నియమావళిలో ధర కన్నా ముందు చిట్టా గురించి రాయాలి. చట్టం అడిగిన దానికి మించి ఒక్క గడి కూడా నింపకూడదు. ఏ సైటు చూశారన్న జాబితా అసలు పుట్టకుండా రూటరును అమర్చాలి. చట్టం పెట్టిన గడువు తీరిన మర్నాడే చెరిపేయాలి. ఉన్న కాస్త చిట్టా ఒక్కరి పాస్‌వర్డుతో తెరుచుకోకూడదు. ఇద్దరు కలిస్తేనే తెరుచుకోవాలి, ఆ ఇద్దరిలో ఒకరు మహిళ కావాలి. పోలీసులు రాతపూర్వక ఉత్తర్వుతో వస్తే ఇవ్వాలి. ఫోన్ చేసి అడిగితే, మేడ యజమాని అడిగితే, తండ్రి అడిగితే ఇవ్వకూడదు. ఎన్నిసార్లు ఎవరు అడిగారో సభ్యుల సమావేశంలో చెప్పాలి. దీనికి ఐటీ నిపుణులు అక్కర్లేదు. పొదుపు సంఘం పుస్తకం రాసే మహిళకు ఈ క్రమశిక్షణ ఎప్పుడో తెలుసు.

అంతకన్నా కష్టమైన ప్రశ్న సభ్యులెవరన్నది. ఢిల్లీ కాలనీల్లో సంఘమంటే సాధారణంగా ఇళ్ళ యజమానుల సంఘం. అద్దెకున్నవాడి గోడు ఎవరికి పట్టింది? 2024 జూలై 27న పాత రాజిందర్ నగర్‌లో ఒక కోచింగ్ కేంద్రం సెల్లారు గ్రంథాలయంలోకి వాననీరు ముంచెత్తి ముగ్గురు అభ్యర్థులు చనిపోయారు. అక్కడి సెల్లార్లను నిబంధనలకు విరుద్ధంగా తరగతులకు, గ్రంథాలయాలకు వాడుతున్నారని నెల రోజుల ముందే ఒక అభ్యర్థి ఫిర్యాదు చేశాడు. పట్టించుకోలేదు. ఆ తర్వాత కార్పొరేషన్ వరసగా సెల్లార్లకు సీళ్ళు వేసింది, చదువుకునే చోటు పోయిన పిల్లలు మళ్ళీ గదుల్లోకి, ఫోన్ తెరల్లోకి చేరారు. ఆ బస్తీ ఆదాయమంతా ఈ పిల్లల జేబు నుంచే వస్తుంది, బస్తీ నిర్ణయాల్లో మాత్రం వాళ్ళకు నోరు లేదు. నెట్‌వర్క్ కూడా ఇంటి యజమానుల సంఘం చేతికే వెళితే కెమెరాల పక్కన మరో నిఘా కన్ను చేరినట్టే. కాబట్టి వాడుకునేవాడే సభ్యుడు కావాలి. ఏడాదికో రెండేళ్ళకో గది ఖాళీ చేసి వెళ్ళిపోయేవాడికి కూడా ఉన్నన్నాళ్ళూ ఓటుండాలి, వెళ్ళేటప్పుడు తన జాడ చెరిపించుకునే హక్కుండాలి. సిరిసిల్లలో మీటరున్న ప్రతివాడూ సభ్యుడే. అదే కొలత ఇక్కడా సరిపోతుంది.

ఢిల్లీలో ఇంటర్నెట్ ఆపేసిన రోజులు కూడా గుర్తుంచుకోవాలి. 2019 డిసెంబరు 19న పౌరసత్వ సవరణ చట్టం మీద నిరసనల వేళ నగరంలో కొన్నిచోట్ల ఆపారు. 2021 జనవరి 26న రైతుల ట్రాక్టర్ ర్యాలీ తర్వాత సింఘు, గాజీపూర్, టిక్రీ సరిహద్దుల్లో ఆపారు. నిరవధికంగా ఆపడం చెల్లదని, ఉత్తర్వులు ప్రచురించాలని 2020 జనవరి 10న అనూరాధా భాసిన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. జనం నెట్‌వర్క్ ఉన్నా చట్టప్రకారం బయటి లైను ఆగుతుంది. కానీ గల్లీలో ఉన్న సర్వరు పనిచేస్తూనే ఉంటుంది. రక్తం కావాలని, మందుల దుకాణం తెరిచి ఉందని, ఫలానా గదిలో ఒకరికి జ్వరమని కబురు చేరుతుంది.

ఢిల్లీ తెలుగువారికి సొంత సంస్థ కట్టుకోవడం ఎలాగో తెలుసు. ఉద్యోగాలకు వచ్చినవారి పిల్లలు తెలుగు మరిచిపోకూడదని దుర్గాబాయి దేశ్‌ముఖ్ చొరవతో 1948లో ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టుకున్నారు. దాని పాఠశాలల్లో ఒకటి కరోల్ బాగ్‌ను ఆనుకునే ఉన్న ప్రసాద్‌నగర్‌లో ఇప్పటికీ నడుస్తోంది. చందాలు పోగు చేసి, స్థలం కోసం అర్జీలు పెట్టి, కమిటీలు వేసుకుని కట్టిన బడి అది. అదే ఓపిక ఇప్పుడు నెట్టు విషయంలో కావాలి.

సహకార సంఘాలకు, ట్రస్టులకు, మహిళా సమాఖ్యలకు లాభాపేక్ష లేని ఇంటర్నెట్ సేవ నడిపే అర్హత ఇస్తూ టెలికాం శాఖ ప్రత్యేక తరగతి అనుమతి తేవాలి. చిన్న నెట్‌వర్క్‌లకు లాగ్ దాచే బాధ్యతను తగ్గించి, సభ్యులు చూసిన సైట్ల జాబితా దాచడాన్ని ఆ అనుమతి షరతుల్లోనే నిషేధించాలి. రెండు తెలుగు రాష్ట్రాలూ తమ సహకార చట్టాల కింద ఇలాంటి సంఘాల నమోదును వెంటనే మొదలుపెట్టి, పంచాయతీల దాకా వేసిన ఫైబరులో వాటికి టోకు ధరకు వాటా ఇవ్వాలి. కేంద్రానికి ఈ అర్జీ ఢిల్లీలోని తెలుగు సంఘాల నుంచి వెళ్ళాలి. కరోల్ బాగ్ అద్దె గదుల్లో పాలనా శాస్త్రం చదువుతున్న తెలుగు యువత దాని మీద మొదటి సంతకాలు పెట్టాలి.